మా నుయ్యి, చెరువు బాగుచేయించాం: పని ఎలా చేసేరు, ఎంతయ్యింది

ఈ పని చేసిన ముఠాకి బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఒక మేస్త్రిగారు, ఐదుగురు మనుషులు, ఒక ట్రాలీ ఆటో, అంతే. వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టట్లేదండి. పని ఎలా జరిగిందో, ఎక్కడ బాగుందో, ఎక్కడ బాలేదో మాత్రం మొత్తం రాస్తున్నా, ఎందుకంటే మన గోదావరి డెల్టాలో ఇంకా బోలెడు ఇళ్ళల్లో పాత నూతులు రేకు మూత పెట్టి పడున్నాయి, బాగుచేయిద్దామని ఉన్నా ఏం చేయమనాలో తెలీక చాలామంది వదిలేస్తున్నారు, లేదంటే మేం మొదటిసారి చేసిన తప్పే చేస్తున్నారు.

మాది కోనసీమ, అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్తే వస్తుంది ఊరు. పెరట్లో మా మామయ్యగారి నాన్నగారు తవ్వించిన ఇటుక నుయ్యి ఉంది, 5 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతు. దొడ్డి వెనకాల నాలుగు కుటుంబాలకి ఉమ్మడిగా 30 సెంట్ల చెరువు. నేను కాపరానికొచ్చినప్పుడు ఆ నూతి నీళ్ళే తాగేవాళ్ళం, వండుకునేవాళ్ళం. ఆ నీళ్ళతో కందిపప్పు రెండు పొంగులకే మెత్తగా ఉడికిపోయేది.

2018 లో నూతి అడుగున ఇసుక కలుస్తోందని, ఇటుకల సందుల్లో రావి మొక్కలు లేస్తున్నాయని ఒక కాంట్రాక్టర్ని పిలిచేం. ఆయన లోపల పైనుంచి కిందదాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, అడుగున కాంక్రీటు బెడ్ వేసేసేడు. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది, మేం కూడా సంతోషపడి డబ్బులిచ్చేసేం. రెండు వేసవులు తిరిగేసరికి పక్కింటి నూతిలో ఆరడుగుల నీళ్ళుంటే మా నూతిలో మోకాలి లోతు కూడా లేవు. సిమెంటు బీటల్లోంచి వచ్చే ఆ కాసిని నీళ్ళూ కదలక వాసనేసేవి. ఊట వచ్చే దారులన్నీ మూసేస్తే నుయ్యి నుయ్యి కాదు, నేలలో పెట్టిన తొట్టి అవుతుంది, ఆ సంగతి మాకు అప్పుడు తట్టలేదు. బోరు వేయించాం, 60 అడుగులకి నీళ్ళు పడ్డాయి, మొదటి ఏడాది బాగానే ఉన్నాయి, తర్వాత ఉప్పెక్కిపోయి టీ పెడితే పాలు విరిగేవి. ఇక 20 లీటర్ల టిన్నులు కొనుక్కోవడమే. ఏటి పక్కన పుట్టి నీళ్ళు కొనుక్కోవడమేంటమ్మా అని మా అత్తయ్యగారు రోజూ బాధపడేవారు.

అసలు కళ్ళు తెరుచుకున్నది ఇక్కడ కాదండి, ఉత్తరాఖండ్‌లో. మా తమ్ముడు బ్యాంకు ఉద్యోగం మీద అల్మోడాలో ఉంటే 2023 మే నెలలో వెళ్ళేం. హిమాలయాలంటే ఎటు చూసినా నీళ్ళే అనుకుని వెళ్తామా, అక్కడ కొండమీద ఊళ్ళల్లో ఆడవాళ్ళు ప్లాస్టిక్ క్యాన్లు నెత్తిన పెట్టుకుని కిలోమీటర్ల కొద్దీ ఎక్కుతూ దిగుతూ కనిపించేరు. గంగ, యమున అన్నీ కింద లోయల్లో పారతాయి, పైన కాపరముండే జనానికి ఆధారం కొండలోంచి ఊరే సన్నటి జలలే. కుమావూఁలో, అంటే అల్మోడా ఉన్న ప్రాంతంలో, ఆ జల దగ్గర కట్టుకున్న రాతి కట్టడాన్ని నౌలా అంటారు. చిన్న గుడిలా ఉంటుంది, మూడు వైపులా గోడ, పైన రాతి కప్పు, లోపల నలుచదరంగా మెట్లు మెట్లుగా కిందకి పోయేకొద్దీ ఇరుకవుతూ వెళ్తుంది, రాళ్ళ సందుల్లోంచి, అడుగునుంచి నీళ్ళు ఊరి నిండుతాయి. కొన్నింటి గోడకి శేషశాయి విష్ణుమూర్తి బొమ్మ చెక్కుంటుంది. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి, కొత్త పెళ్ళికూతురు నౌలాకి పూజ చేసే ఆచారం ఇంకా ఉంది. మన దగ్గర గంగపూజ గుర్తొచ్చి నాకు ఒళ్ళు పులకరించింది. చంపావత్ దగ్గర ఏక్ హథియా నౌలా అని ఒకటుంది, ఒంటిచేత్తో ఒక శిల్పి చెక్కేడని కథ చెప్తారు.

మా తమ్ముడు తీసుకెళ్ళిన ఊళ్ళో రెండు నౌలాలు చూశాం. ఒకటి ఎండిపోయింది. ఎప్పుడో మంచి మనసుతోనే రిపేరు చేద్దామని లోపలంతా సిమెంటు పూసేరంట, జల వచ్చే సందులు మూసుకుపోయి ఆ నీరు పక్కకి తిరిగిపోయిందంట. అది వింటుంటే మా పెరట్లో నుయ్యే కళ్ళముందు కనపడింది. ఇంకోదాన్ని ఊరివాళ్ళే బాగుచేసుకున్నారు, సిమెంటు చెక్కేసి మళ్ళీ రాయి మీద రాయి పేర్చి, పై కట్టుకి మాత్రం సున్నంలో మినపపిండి కలిపి వాడేరంట. మన పాత మేడలకి గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపేవాళ్ళు కదా, అలాగే.

అయితే వాళ్ళు ఎక్కువ కష్టపడింది నౌలా దగ్గర కాదు, దాని పైన కొండమీద. ఏ వైపు వాలు మీద పడ్డ వాన ఈ జలలోకి దిగుతుందో ముందు వెతికి, ఆ వాలుకి అడ్డంగా కందకాలు తవ్వేరు, కొండ భుజం మీద నీళ్ళు నిలిచేలా చిన్న చిన్న గుంటలు తీసేరు. వీటిని చాల్, ఖాల్ అంటారు, పూర్వం పశువులు తాగడానికి ఉండేవే, పూడిపోతే మళ్ళీ తీసేరు. చీడ్ అనే పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు నేలమీద చాపలా పరుచుకుని వాననీళ్ళని జారవిడిచేస్తాయని, బాంజ్ అనే ఓక్ చెట్టు కింద నేల స్పాంజిలా పట్టి ఉంచుతుందని ఆ మొక్కలు నాటుతున్నారు. పౌడీ గఢ్‌వాల్‌లో ఉఫ్రైంఖాల్ అనే చోట సచ్చిదానంద భారతి అనే బడిపంతులుగారు ఊరి ఆడవాళ్ళని కూడగట్టి ఇలాంటి గుంటలు వేలల్లో తీయించేరు, ఎండిపోయిన వాగు మళ్ళీ పారింది, దానికి గాడ్‌గంగ అని పేరు పెట్టుకున్నారు. నీతి ఆయోగ్ 2018 లో ఇచ్చిన రిపోర్టులో మన దేశంలో 50 లక్షల ఊటలుంటే 30 లక్షల దాకా హిమాలయాల్లోనే ఉన్నాయని, అక్కడ ఏడాదంతా పారేవాటిలో దాదాపు సగం ఎండిపోయాయనో వానాకాలానికే పరిమితమయ్యాయనో రాసేరు. ఆ నంబరు నాకు ఆ ఎండిన నౌలా పక్కన కూర్చున్నాక గానీ అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక మావారు, నేను కూర్చుని మా నూతిలో సిమెంటు తీయించాల్సిందే అని తేల్చుకున్నాం. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఉన్నదాన్ని పగలగొట్టడమెందుకు, పూడ్చేసి కొత్త బోరు వేయించండి అన్నారు. మా పెద్ద ఆడపడుచు గారి ఊళ్ళో గుడి నూతిని బాగుచేసిన ముఠా గురించి ఆవిడ చెప్తే ఈ మేస్త్రిగారు దొరికేరు.

పిలవగానే రాలేదు. ఏప్రిల్‌లో వచ్చి చూసి, కాలవలకి నీళ్ళు ఆపేశాక నూతి నీళ్ళు బాగా దిగుతాయి, అప్పుడు చేద్దాం అమ్మా అని వెళ్ళిపోయేరు. ఇది తెలిసిన మనిషి మాట. 1852 లో కాటన్ దొరగారి ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన డెల్టాలో నూతుల బతుకు కాలవలతోనే ముడిపడుంది, కాలవ వదిలి చేలు తడిస్తే నూతులు పైకొస్తాయి, కట్టేస్తే దిగుతాయి. చూడ్డానికొచ్చిన రోజే ఆయన అడిగినవి: మరుగుదొడ్డి గొయ్యి ఎంత దూరం, పశువుల పాక ఎటు, చుట్టుపక్కల ఉప్పునీటి రొయ్యల చెరువులున్నాయా, బోరు రోజుకి ఎన్ని గంటలు ఆడుతుంది. పక్క చేలో ఉప్పునీటి చెరువుంటే ఈ పని ఒప్పుకోనమ్మా, మీ డబ్బులు దండగ అని మొహమ్మీదే చెప్పేసేరు. అదృష్టం కొద్దీ మా చుట్టూ కొబ్బరితోటలే.

2024 మే రెండో వారంలో మొదలెడతామని మూడో వారం దాటేక వచ్చేరు, మధ్యలో ఫోన్ ఎత్తలేదు. ఇది మైనస్. కానీ వచ్చేక పని మాత్రం శ్రద్ధగా చేసేరు.

నూతిలోకి మనిషిని దింపేముందు లాంతరు వెలిగించి తాడుతో కిందదాకా దించేరు. ఆరిపోలేదు. అయినా దిగనివ్వలేదు, దీపం ఆరకపోతే ప్రాణవాయువు ఉందని మాత్రమే తెలుస్తుంది, విషవాయువు ఉంటే దీపానికి తెలీదు అని, బ్లోయర్‌కి గొట్టం తగిలించి అరగంట గాలి కొట్టేరు. దిగినవాడికి నడుముకి, భుజాలకి బెల్టు, పైన ఇద్దరు తాడు పట్టుకుని కళ్ళు తిప్పకుండా నిలబడ్డారు. ఇంజన్ పైనే, నూతికి దూరంగా. నూతిలో దిగి ఊపిరాడక పోయినవాళ్ళ గురించి, వాళ్ళని కాపాడదామని దిగి పోయిన రెండోవాడి గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం కదండి, ఈ ఒక్క జాగ్రత్త చూసే నేను వీళ్ళకి పూర్తి మార్కులు వేస్తా. మీరు ఎవర్ని పిలిచినా ఇవి లేకుండా దిగుతానంటే ఒప్పుకోకండి.

నీళ్ళు తోడ్డంలో కూడా తొందరపడలేదు. నేను మోటారు పెట్టి ఒక్క పూటలో ఖాళీ చేసేస్తారనుకున్నా. అలా చేస్తే బయటి నీటి బరువుకి పాత ఇటుక గోడ లోపలికి కూలిపోవచ్చంట. ఇంకోటి, ఇది సముద్రం పక్క నేల, మన కింద మంచినీళ్ళు ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంటాయి. లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్ళుంటే కింద 40 అడుగుల దాకా మంచినీళ్ళుంటాయి, అంటే పైన ఒక్క అడుగు లాగేస్తే కింద ఉప్పు అంత మేరా పైకి లేవగలదు. మా బోరు ఎందుకు ఉప్పెక్కిందో అప్పుడు తెలిసింది. మేస్త్రిగారి జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరుంది, నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తుంది, గంటకోసారి నీళ్ళు ముంచి చూసేవారు. 610 ఉన్నది 900 దాటగానే ఇంజన్ ఆపించేసి, రేపు చూద్దాం అనేవారు. మంచినీళ్ళకి 500 లోపుంటే మేలని, వేరే దారి లేకపోతే 2000 దాకా అని మన దేశ ప్రమాణం. మర్నాడు పొద్దున్నకి అది మళ్ళీ దిగేది. ఇలా నాలుగు రోజులు.

పూడిక మూడడుగులు తీసేరు. పాతాళగరిగ వేస్తే నాలుగు చేదలు, ఒక ఇత్తడి చెంబు, మావారి చిన్నప్పటి బొంగరం వచ్చేయి. ఆ చెంబు మీద మామయ్యగారి అమ్మగారి పేరు చెక్కుంది, అత్తయ్యగారు దాన్ని చింతపండు పెట్టి తోమి దేవుడి దగ్గర పెట్టుకున్నారు.

తర్వాత అసలు పని. అడుగున కాంక్రీటు బెడ్‌ని సుత్తి, ఉలితోనే చిన్న చిన్న పెచ్చులుగా పగలగొట్టేరు, మెషిన్ పెడితే అదురుకి గోడ కదుల్తుందని. మూడో రోజు మధ్యాన్నం ఒక మూల పెచ్చు లేవగానే ఇసుక బుడబుడలాడుతూ ఊట పైకి తన్నింది, లోపలున్న కుర్రాడు జల పడిందండోయ్ అని కేకేసేడు, పెరట్లో ఉన్నవాళ్ళందరం గట్టు దగ్గరకి పరుగెత్తేం. ఆరేళ్ళు ఆ నీళ్ళు అక్కడే, ఆ నాలుగంగుళాల సిమెంటు కిందే ఉన్నాయి.

ఊటతోపాటు ఇసుక రాకుండా అడుగున ముందు ముతక ఇసుక, దానిమీద చిప్స్, ఆపైన గోదావరి గులకరాళ్ళు పరిచేరు. సన్నం కింద, లావు పైన. నీళ్ళు కిందనుంచి పైకొస్తాయి కాబట్టి ఆ వరసలోనే ఉండాలి, తిరగేసి వేస్తే నెల్లాళ్ళలో ఇసుక మళ్ళీ మొదలంట. గోడకి కింది ఎనిమిదడుగులూ ప్లాస్టరింగ్ గీకేసి ఇటుక సందులు తెరిచేరు. పై భాగంలో మాత్రం సిమెంటు ఉంచేసేరు, అక్కడ పైనుంచి మురుగునీళ్ళు దిగకూడదు కాబట్టి. నేనైతే మొత్తం తీసేయండి అన్నా. లేదమ్మా, కింద సందు ఉండాలి, పైన ఉండకూడదు అని విడమర్చి చెప్పేరు. గట్టు మూడడుగుల ఎత్తు లేపి, చుట్టూ చప్టా బయటికి వాలుగా పోసి, తోడుకున్న నీళ్ళు అరటిచెట్లకి పోయేలా కాలవ తీసేరు. చివర్లో బ్లీచింగ్ గట్టిగా కలిపి ఒక రాత్రి ఉంచి, ఆ నీళ్ళన్నీ తోడి పారబోసేరు. మామూలుగా అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ సరిపోతుంది, కలిపేక గంట ఆగి వాడుకోవాలి. మా నూతిలో రెండు మీటర్ల నీళ్ళుంటే మూడున్నర వేల లీటర్లు, అంటే 9 గ్రాములు చాలు. చాలామంది గుప్పెళ్ళతో వేసేస్తారు, ఆ వాసనకి తాగలేక నుయ్యి మానేస్తారు. నుయ్యి మొత్తానికి 42 వేలు అయ్యింది, మెటీరియల్‌తో కలిపి.

చెరువు సంగతి కొంచెం క్లుప్తంగా చెప్తా. గుర్రపుడెక్క అల్లుకుపోయి నీళ్ళే కనపడేవి కాదు. దానికి జేసీబీ పెట్టేరు. ఇక్కడ మాకు, మేస్త్రిగారికి చిన్న వాదన జరిగింది. మా మరిదిగారు ఎలాగూ మెషిన్ వచ్చింది కదా ఇంకో ఐదడుగులు లోతు చేయించేద్దాం, మట్టి అమ్ముకుంటే ఖర్చు వచ్చేస్తుంది అన్నారు. మేస్త్రిగారు గెడకర్ర దింపి పాత అడుగు ఎక్కడుందో చూపించేరు, నల్ల బంకమన్ను పొర. అది చిల్లుపడితే కిందనుంచి ఉప్పునీరు ఎక్కుతుంది, ఆ తర్వాత మీ చెరువూ పోతుంది నుయ్యీ పోతుంది, నేను మాత్రం దానికింద గునపం పెట్టనివ్వను అని కచ్చితంగా నిలబడ్డారు. ఎక్కువ తవ్వితే ఆయనకే బిల్లు ఎక్కువ వచ్చేది, అయినా వద్దన్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. తీసిన పూడిక మట్టి కొబ్బరిచెట్ల మొదళ్ళకి సర్దేం. కాలవ నుంచి చెరువులోకొచ్చే తూము రోడ్డు వేసినప్పుడు పూడిపోతే దాన్ని వెతికి తెరిచేరు. ఒకవైపు పాత రేవు మెట్లు బయటపడ్డాయి, రెండోవైపు పశువులు దిగడానికి ఏటవాలుగా వదిలేసేరు. చుట్టూ కాంక్రీటు గోడ అడిగినా కట్టనన్నారు. దీనికి 1 లక్షా 35 వేలు, నాలుగు వాటాలు వేసుకున్నాం.

ఇప్పుడు బాగోనివి. జూలై వానలకి తూర్పు గట్టు పది గజాల మేర జారిపోయింది. గడ్డి వేళ్ళూనకముందే వాన పడిందని వాళ్ళ మాట, గట్టు సరిగా దిమ్మిస కొట్టలేదని నా మాట. మూడుసార్లు ఫోన్ చేస్తే వచ్చి వెదురు పాతి, మట్టి తొక్కి, వట్టివేరు నాటి సరిచేసేరు, కానీ కూలికి మళ్ళీ 6 వేలు తీసుకున్నారు, అది తీసుకోకుండా ఉండాల్సింది. పగలగొట్టిన సిమెంటు పెచ్చులు దారి పక్కనే వదిలేసి వెళ్ళిపోతే మేం మనుషుల్ని పెట్టి ఎత్తించుకున్నాం. కాగితం మీద లెక్క ఇవ్వరు, అంతా నోటిమాటే. మీరు పిలిస్తే ముందే ఒక కాగితం మీద ఏమేం చేస్తారో, గట్టు జారితే ఎవరి ఖర్చో రాయించుకోండి.

మార్కులు వేయమంటే నూతి పనికి 5కి 5, చెరువు పనికి 5కి మూడున్నర, టైముకి రావడానికి 5కి 2.

ఏడాది దాటేకే రాద్దామని ఆగేను, ఎందుకంటే ఇలాంటి పని వేసవిలోనే తేలుతుంది. 2025 మే నెలాఖరున, కాలవలు కట్టేసి ఉన్నప్పుడు, నూతిలో ఏడడుగుల నీళ్ళున్నాయి, టీడీఎస్ 390. బోరు మోటారు రోజుకి అరగంటకి తగ్గించేం, అది లాగితే నూతికే దెబ్బ కాబట్టి. ల్యాబులో పరీక్ష చేయించి, సూక్ష్మజీవులు లేవని కాగితం వచ్చాకే తాగడం మొదలెట్టాం, మీరూ అలాగే చేయండి, కంటికి తేటగా ఉన్నంత మాత్రాన తాగేయకండి. టిన్నులు మానేసేం. పొద్దున్నే పక్క వీధివాళ్ళు ఇద్దరు ముగ్గురు బిందెలతో వస్తారు, పప్పుకీ టీకీ. అత్తయ్యగారికి 81 ఏళ్ళు, మోటారు వద్దని గిలక బిగించమన్నారు, రోజూ మొదటి చేద ఆవిడే తోడి తులసికోట దగ్గర పోస్తారు.

మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదంతా చూసి ఫోటోలు తీసుకెళ్ళి ఆ కొండమీద ఊరివాళ్ళకి చూపించేడంట. అక్కడ పడ్డ వాన కొండలోపల నెలల తరబడి నడిచి నౌలాలోకొస్తుంది, మనకి పారపెట్టి తవ్వితే నీళ్ళే. ఇంత నీళ్ళ దేశంలో కూడా మీకు నుయ్యి ఎండిందా అని ఒకావిడ అడిగిందంట. సిమెంటు అని చెప్తే వెంటనే అర్థమయ్యిందంట ఆవిడకి.

వచ్చే మే నెలకి రామాలయం నుయ్యికి మేస్త్రిగారితో మాట్లాడేం. ఈసారి కాగితం రాసుకున్నాం, గట్టు సంగతి కూడా.